గాలి చూసి కొట్టిన మందు

మా బొగ్గుబావుల దగ్గర మందు అంటే ఒకటి కాదు. దవాఖానలో ఇచ్చేదీ మందే, సాయంత్రం చౌరస్తాలో సీసాలో దొరికేదీ మందే. బావిలో బొగ్గుకు తూట్లు వేసి, కూరి పేల్చేదీ మందే. పత్తి చేనులో పురుగుకు కొట్టేదీ మందే. నర్సుగా చేరిన కొత్తలో ఒక పెద్దాయనను "మందు టైముకు తీసుకుంటున్నరా?" అని అడిగితే, పక్కనున్న భార్య వైపు బెదురుగా చూసి, "ఎప్పుడో బంద్ వెట్టిన సిస్టర్, అమ్మతోడు" అన్నాడు. వార్డు వార్డంతా నవ్వింది. నేను అడిగింది బీపీ గోళీల సంగతి అని ఆయనకు తెలియజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

కానీ "మందు తాగిండు" అని ఒక రకం గొంతుతో చెప్తే మాత్రం ఎవరూ నవ్వరు. అందులోనూ వానాకాలం, పత్తి ఏపుగా ఉన్నప్పుడు. మనిషి బతుకుతాడో లేదో తేలకముందే, ఎందుకు తాగాడు, ఎవరు ఏమన్నారు అని ఊరు పంచాయితీ పెట్టేస్తుంది. తప్పు ఎప్పుడూ పోయి పోయి భార్య నెత్తినే పడుతుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. వార్డులో నన్ను వెనకాల మిరపకాయ సిస్టర్ అంటారని నాకు తెలుసు. అననీ.

తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీ నుంచి మాట వచ్చిన వానాకాలం అది. గోదావరిఖని గోడల మీద గులాలు మరకలు ఇంకా పోలేదు. ఒక మధ్యాహ్నం మా దవాఖాన ముందు ఆటో ఆగింది. వెనక సీట్లో ఒక మనిషి అడ్డంగా పడి ఉన్నాడు. బావిలో షాట్‌ఫైరర్ దగ్గర పనిచేసేవాడు, అంటే పేల్చే మందు మోసి, కూరడంలో సాయం చేసేవాడు. సెంటినరీ కాలనీలో క్వార్టరు. రామగిరి దిక్కు తండ్రి వదిలిన కొద్దిపాటి చేనులో పత్తి వేశాడు. అతని నోటి నుంచి సొంగ, కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఒళ్లంతా చెమట. తొడల మీది కండలు చర్మం కింద పురుగులు పాకినట్టు వాటంతట అవే అదురుతున్నాయి.

అతని తల్లి ముందు దిగింది. దిగుతూనే గుండెలు బాదుకుంది.

"సిస్టరమ్మా, నా కొడుకు మందు తాగిండు! పొద్దుగాల ఇంట్ల లొల్లి అయింది. ఇది ఏమన్నదో ఏమో, చేన్లకు పోయి తాగిండు!"

"ఇది" అంటే కోడలు. ఆ పిల్ల భర్త తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు, అత్తకు ఎదురు చెప్పడం లేదు. ఆటో దిగాలని కూడా ఆమెకు తోచలేదు.

"పంచాయితీ తర్వాత పెట్టుకుందురు గాని, ముందు అంగి ఇప్పుండ్రి" అని అరిచాను.

ఇది చదువుకున్నవాళ్లు కూడా మరిచిపోయే సంగతి. ఆ మందు కడుపులోకే పోనక్కర్లేదు. చర్మం మీద పడినా చాలు, గాలిలో పీల్చినా చాలు. బట్టల్లో ఉన్నంతసేపూ లోపలికి దిగుతూనే ఉంటుంది. అంగి విప్పుతుంటే వీపంతా తడి. చెమట తడి కాదు, ముక్కు పగిలే వాసన. నేను వంగి అతని నోటి దగ్గర వాసన చూశాను. అక్కడ లేదు.

దవాఖాన వెనక పైపు దగ్గర పడుకోబెట్టి సబ్బుతో కడిగాం. తల, చంకలు, గోళ్ల సందులు, అన్నీ. నాతో పాటు భార్య కూడా రుద్దింది. తల్లి మాత్రం దూరంగా నిలబడి, "అయ్యో, పాణం ఉండంగనే శవానికి పోసినట్టు పోస్తున్నరు" అని శోకం తీసింది. మేం ఆపలేదు. ఆ వాసనకు సాయంత్రం దాకా నాకు తలనొప్పి, కళ్ల ముందు మసక. బాధితుడిని కడిగేవాడికీ ఎంతో కొంత అంటుకుంటుంది.

డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రాయన, మాటతక్కువ మనిషి. రోగి కంటిపాపలు చూశాడు. గుండుసూది మొనలంత అయి ఉన్నాయి. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాల్సిన పనే లేదు, లోపల నీళ్లు మరిగినట్టు బుడబుడమని బయటికే వినబడుతోంది. ఈ మందు మనిషిని తన నీళ్లలో తననే ముంచుతుంది. దానికి విరుగుడు అట్రోపిన్ సూది. ఒకటి వేసి ఊరుకునేది కాదు. వేయాలి, ఊపిరి వినాలి, మళ్లీ వేయాలి. ఛాతీ ఆరేదాకా పక్కనుంచి కదలకూడదు. సూది మందుండే గాజు గొట్టాల మెడలు విరిచీ విరిచీ నా బొటనవేలు తెగింది. ఒక్క మనిషికి అన్ని సూదులు పడతాయని చూడనివాళ్లు నమ్మరు.

వార్డులో ఉన్నవి తరిగిపోతుంటే డాక్టరు చీటీ రాసి భార్య చేతిలో పెట్టాడు. ఆ పిల్ల చెప్పులు లేకుండానే మెడికల్ షాపులు తిరిగి, రెండు అట్టడబ్బాలు కొంగులో కట్టుకుని తెచ్చింది.

"ఇవి సాల్తయా అక్కా? సాలకుంటే పెద్దపల్లి పోత."

"చాల్తయి చెల్లె. కూసో."

అప్పుడు కూర్చుంది, మంచం పక్కన, నేల మీద. నేను సూది వేస్తుంటే ఆమె నా చేతిని కాదు, నా ముఖాన్ని చూస్తోంది. కాసేపటికి చాలా చిన్న గొంతుతో అడిగింది.

"నిజంగ తాగిండా అక్కా?"

అప్పుడర్థమైంది నాకు. అత్త మాటకు ఎదురు చెప్పకపోవడం మంచితనం కాదు, భయం. ఆమెకే తెలియదు. జరిగింది ఇంతే. భర్త రాత్రి షిఫ్టు దిగి, నిద్రపోకుండా పత్తికి మందు కొట్టడానికి బయల్దేరాడు. ఇవాళ వద్దు, పండుకో అందామె. పురుగు ఆగుతదా అన్నాడతను. మాట మీద మాట పెరిగింది. చివరికి "పోతే పో, నీ పాణం నీ ఇష్టం" అంది. ప్రతి ఇంట్లో వారానికోసారి వినబడే మాటే. అతను లేవకపోతే, ఆ మాటతోనే ఆమె జీవితమంతా బతకాలి.

"నోట్ల వాసన లేదు. అంగిల ఉన్నది. వీపు మీది మందు పంపు కారినట్టున్నది" అన్నాను, అత్తకూ వినబడేలా.

"నోరు కడుక్కున్నడేమో" అంది అత్త. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆమెను వార్డు బయటికి పంపేశాను. తలుపు అద్దంలోంచి చూస్తే బెంచీ మీద కూర్చుని కొడుకు తడి చెప్పులను కొంగుతో తుడుస్తోంది. మళ్లీ నేనే వెళ్లి లోపలికి పిలిచాను.

అట్రోపిన్ ఎక్కిన మనిషి మంచం మీద నిలకడగా ఉండడు. మరుసటి రోజంతా అతను ఏదో లోకంలో ఉన్నాడు. గాలిలో దారాలు ఏరుతున్నట్టు వేళ్లు కదిలించాడు. ఉన్నట్టుండి లేచి కూర్చుని, వార్డు అదిరిపోయేలా కేక పెట్టాడు.

"ఫైరింగ్ ఉన్నది! ఎన్కకు జరుగుండ్రి! ఎవలన్న ఉన్నరా లోపట?"

పక్క మంచాల వాళ్లు బెదిరిపోయారు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. బావిలో మందు పేల్చే ముందు అందరినీ దూరం పంపే కేక అది. మా ఆయనదీ బావి పనే కనుక నాకు తెలుసు. ఒళ్లు తెలియని స్థితిలో కూడా పక్కవాళ్లను జరగమంటున్నాడంటే, మనిషి లోపల ఉన్నాడని అనిపించింది.

ఆ మర్నాడు పొద్దున అతనికి తెలివి వచ్చింది. తల్లి ఒక పక్క, భార్య ఒక పక్క. తల్లి అతని చెంపలు పట్టుకుని ఏడుస్తూ అడిగింది.

"ఎందుకు తాగినవురా? దీని మాటకా?"

అతను తల్లి ముఖంలోకి చూశాడు. పెదవులు ఎండిపోయి మాట పెగలడం లేదు. నేను దూది తడిపి అద్దాను.

"తాగుడేంది?" అన్నాడు. "మందు కొట్టంగ గాలి మర్లిందే. మూతికి తువ్వాల గూడ కట్టుకోలె. పంపు ఈపు మీద కారింది. గీ సాలు అయిపోతది, గీ సాలు అయిపోతదని కొట్టిన."

పత్తికి మందు కొట్టేవాడు మొట్టమొదట చేసే పని గాలి చూసుకోవడం. చిటికెడు మట్టి తీసి వదిలితే ఎటు పోతుందో చూసి, గాలి వీపుకు ఉండేలా నిలబడాలి. రాత్రంతా మేలుకున్న కళ్లకు అది మళ్లిన సంగతి ఆలస్యంగా తెలిసింది.

భార్య అప్పుడు ఏడ్చింది. రెండు రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. తప్పయిందని ఒప్పుకునే రకం కాదు అత్త. టిఫిన్ డబ్బా మూత తీసి, రొట్టె ముక్క తుంచి, కోడలి నోటి దగ్గర పెట్టింది. "మొన్నటిసంది ఏం తినలె, తిను" అని కసిరింది. నేను మందుల ట్రే సర్దుతున్నట్టు అటు తిరిగాను. నా కళ్లూ తడిశాయి. ఆ రోజు నాకంటే సంతోషంగా ఉన్న మనిషి గోదావరిఖనిలో ఉండి ఉండరు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే నేను దీన్ని రాసేదాన్ని కాదు. నా నర్సు బతుకులో ఇలా బతికి బయటపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. బయటపడనివాళ్లూ ఉన్నారు.

మా వార్డులో గోడకు ఒక పాత టీవీ ఉండేది. దాని పెత్తనమంతా కిటికీ పక్క మంచంలోని చాచాది. బావిలో బొగ్గు తొట్లను లాగే హాలేజీ నడిపి రిటైరై, ఆయాసంతో తరచూ వచ్చి చేరేవాడు. తెలంగాణ వార్తలు వస్తున్నాయంటే దాని గొంతు పెంచేవాడు, అవి అయిపోగానే తగ్గించేవాడు. అతనికి తెలివి వచ్చిన ఆ సాయంత్రం అవి అయిపోయినా తగ్గించలేదు.

ఏదో పరాయి ఊరు. గచ్చు మీద వరసగా పిల్లలు. పడుకున్నట్టే ఉన్నారు. ఎక్కడా గాయం లేదు, నెత్తురు చుక్క లేదు. కొందరి నోటి దగ్గర నురగ. ఒక పసివాడి కాళ్లు అదురుతున్నాయి. మగవాళ్లు పైపులతో, బకెట్లతో ఆ పిల్లల మీద నీళ్లు పోస్తున్నారు, బట్టలు చింపి తీస్తున్నారు. నా చేతిలో థర్మామీటరు ఉంది. ఎవరికి పెట్టబోయానో మరిచిపోయాను. ఆ కాళ్ల అదురు నాకు తెలుసు. ఆ నురగ నాకు తెలుసు. యాంకరు చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

నాకంటే ముందు అతని భార్య అంది.

"అక్కా, గది మన మందే! గట్లనే నీళ్లు పోసినం గద మనం!" మంచం దగ్గర్నుంచి లేచి టీవీ కిందికి వెళ్లి నిలబడింది. "పాపం, గంత మంది పోరగాండ్లా? ఏ చేన్ల కొట్టిండ్రు? ఊరి పక్క పొంటనే కొట్టిండ్రా?"

మంచం మీద ఆమె భర్త మోచేతుల మీద లేచాడు.

"గాలి మర్లిందా ఆడ?" అని అడిగాడు చాచాను.

అతనికి అంతకంటే వేరే కారణం తోచలేదు. తనకు జరిగినట్టే ఎవరికో పొరపాటు జరిగి ఉంటుందనుకున్నాడు. చాచా టీవీ వైపే చూస్తూ, ఆయాసం మధ్య ఒక్కో మాటా చెప్పాడు.

"లేదు బేటా. అది షామ్ ముల్క్, సిరియా అంటరు. ఆడ జంగ్ నడుస్తున్నది. చేన్ల మీద కాదు, ఇండ్ల మీద ఇడిసిండ్రట. పండుకున్నోళ్ల మీద."

"ఎర్కుండి ఇడిసిండ్రా?"

"ఎర్కుండే. గాలి చూసుకునే ఇడిసి ఉంటరు."

అతను మళ్లీ పడుకున్నాడు. పైకప్పు వైపు చూస్తూ, ఎవరితో అన్నట్టూ కాకుండా అన్నాడు. "మేం బొగ్గును పేల్చేటందుకే ఒర్రి ఒర్రి చెప్తం. లోపట ఒక్క మనిషి ఉన్నడంటే బటన్ ఒత్తం. వాళ్లు ఒర్రలేదా?"

రౌండ్సుకు వచ్చిన డాక్టరు గుమ్మం దగ్గరే ఆగి ఉన్నాడు. ఆ మాటతక్కువ మనిషి ఆ రోజు మాట్లాడాడు. పురుగుల మందు కోసం వెతుకుతున్నవాళ్ల చేతికే అసలు ఈ విషం దొరికిందట. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు, ఒకటి చేనుకు వచ్చింది, ఒకటి యుద్ధానికి పోయింది, యుద్ధానికి పోయినది చాలా రెట్లు క్రూరం అన్నాడు. కంటికి కనబడదు, తలుపు మూస్తే ఆగదు, సైనికుడిని పసివాడిని వేరు చేసి చూడదు అన్నాడు. ఎత్తుకున్నవాడినీ, కడిగినవాడినీ కూడా పట్టుకుంటుందన్నాడు. అందుకే చాలా దేశాలు కూర్చుని దీన్ని వాడొద్దని ఒప్పందం రాసుకున్నాయని కూడా చెప్పాడు.

"మరి దానికి సూది లేదా?" అని అడిగింది అత్త.

"ఉన్నదమ్మా. మీ కొడుక్కు వేసిందే. సైనికులైతే ముందే జేబుల్లో పెట్టుకుని పోతారు, తమకు తగిలితే వేసుకునేందుకు."

ఆమె రొట్టె డబ్బా మూత పెట్టబోతూ ఆగింది. "అంటే ఇడిసెటోని కీసల సూది ఉంటది. పండుకున్న పోరనికి ఉండది" అంది.

డాక్టరు కేస్ షీటు అందుకుని, చూడకుండానే సంతకం చేశాడు. నాకు ఆ రోజు వచ్చినంత కోపం మళ్లీ ఎప్పుడూ రాలేదు. మా ఊళ్లో ఒక్క మనిషి ఊపిరి ఆరబెట్టడానికి ఒక నర్సు, ఒక డాక్టరు, ఒక భార్య రాత్రీ పగలూ కూర్చుంటే తప్ప కాలేదు. అలాంటిది ఒక వీధి మొత్తం ఒకేసారి మునిగిపోతుంటే, ఎవరు ఎవరి దగ్గర కూర్చుంటారు? కూర్చోవడానికి వచ్చినవాళ్లూ పక్కనే ఒరిగిపోతుంటే? ఇదంతా ఎవరో చదువుకున్నవాళ్లు కూర్చుని, లెక్క వేసి, మందు కలిపి చేశారు. వాళ్ల ఇళ్లల్లోనూ పిల్లలుంటారు కదా అనుకుంటే నాకు ఇంకా కోపం వచ్చింది.

అతన్ని ఇంటికి పంపిన రోజు ఆ పిల్ల నా టేబుల్ దగ్గరకు వచ్చింది. ఈసారి కాళ్లకు చెప్పులున్నాయి. కొంగు ముడి విప్పి, తాను కొని తెచ్చిన రెండు డబ్బాల్లో విప్పనిదాన్ని నా ముందు పెట్టింది.

"ఇది మిగిలింది అక్కా."

"షాపుల వాపసు ఇయ్యి, తీసుకుంటరు."

"వద్దు. గా పిల్లలకు పంపుండ్రి."

ఎవరితో పంపాలి, ఎలా పంపాలి, అది ఎంత దూరం, ఏదీ ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. వెనక నిలబడ్డ అత్తే చెప్పింది, ఈసారి కసరకుండా.

"పిచ్చిదానా, ఇది ఆడికి పోయేదాక ఉంటరా వాళ్లు?"

ఆ పిల్ల డబ్బా మాత్రం వెనక్కి తీసుకోలేదు. "ఉన్నోళ్లకు" అంది. "ఇంకెవలకన్న గాలి మర్లుతది గదా."

అలా ఆ డబ్బా మా వార్డులో ఉండిపోయింది. నేనే దాన్ని ఎమర్జెన్సీ ట్రే పక్కన పెట్టాను. మా వార్డు ఆయమ్మ దానికి పిల్లల డబ్బా అని పేరు పెట్టింది. ఆ సీజన్లోనే రామగిరి నుంచి వచ్చిన ఒక కూలి ఆడమనిషికి అందులోవి వాడాం. ఆమె ఇంటివాళ్లు తాము కొన్నవాటిలో మిగిలినవి తెచ్చి మళ్లీ అందులోనే వేశారు. ఎవరు చెప్పారో తెలియదు, ఆ తర్వాత వచ్చినవాళ్లూ అలాగే చేశారు. స్టాకు తగ్గినప్పుడల్లా, "పిల్లల డబ్బాల చూడు" అనడం మాకందరికీ అలవాటైపోయింది.

తెలంగాణ వచ్చాక, మళ్లీ పత్తి సీజన్లో, మా వార్డుకు ఒక కొత్త నర్సు వచ్చింది. మంచి చురుకైన పిల్ల. మొదటి రోజే అలమర దులుపుతూ, నలిగి చిల్లులు పడ్డ ఆ అట్టడబ్బాను బయటికి తీసింది.

"అక్కా, దీన్ని పిల్లల డబ్బా అంటున్నరు, ఏ పిల్లలది? మన వార్డుల పిల్లలు లేరు గద?"

"లేరు" అన్నాను. "అది వాళ్లదే. తీసిన చోటనే పెట్టు."